పాత 5.1 సెట్‌కి ఇంకో రెండు స్పీకర్లు తగిలించే ముందు

మీరు రాసింది క్లుప్తంగా ఇదీ. బెంగళూరు మారతహళ్ళిలో అద్దె ఫ్లాటు. హాలు 11 అడుగుల వెడల్పు, 16 అడుగుల పొడవు. తొమ్మిదేళ్ళ కిందట కొన్న 5.1 సెట్టు (అయిదు స్పీకర్లు, ఒక సబ్‌వూఫర్), డీవీడీ ప్లేయర్‌తో కలిసొచ్చినది, డబ్బా మీద 1000 వాట్లని ఉంది. కొత్త 55 అంగుళాల టీవీ హెడ్‌ఫోన్ రంధ్రం నుంచి ఎరుపు, తెలుపు పిన్నుల వైరుతో దాన్ని కలిపారు. మాటలు సరిగ్గా వినబడవు, ఫైటు వస్తే మాత్రం గోడలు అదురుతాయి. కింది ఫ్లాటువాళ్ళు ఇప్పటికే రెండుసార్లు వచ్చి బెల్లు కొట్టారు. ఊరినుంచి అమ్మగారు వస్తే మాటలకి పెంచడం, పాటకి తగ్గించడం, రిమోటు చేతిలోంచి దించరు. మీ దగ్గర 80 వేలున్నాయి. తలపైనుంచి కూడా శబ్దం వినిపించే అట్మాస్ కోసం పైన రెండు స్పీకర్లు, బేస్ మోగించే సబ్‌వూఫర్ (సబ్) పెద్దది ఒకటి కలుపుకోవచ్చా అని అడిగారు.

కలుపుకోలేరు. ఎందుకో చెప్తాను. కానీ అంతకంటే ముందు చెప్పాల్సింది ఆ ఎరుపు తెలుపు వైరు గురించి.

ఆ వైరులో ఎడమ, కుడి అని రెండే దారులుంటాయి. సినిమా 5.1లో ఉన్నా టీవీ దాన్ని రెండుగా కలిపేసి పంపుతుంది. మీ సెట్టు ఆ రెండింటినే తనకు తోచినట్టు అయిదు స్పీకర్లకీ పంచుతోంది. కొత్త టీవీ వచ్చినప్పటినుంచీ మీ ఇంట్లో అయిదు స్పీకర్లూ మోగుతున్నాయి గానీ, మీరు విన్నది 5.1 కాదు. అసలు 5.1 మిక్సింగ్‌లో మాటలు దాదాపు అన్నీ మధ్య స్పీకర్లోనే పెడతారు. ఆ ఒక్క స్పీకర్‌ని విడిగా కాస్త పెంచుకునే వీలుంటే మీ అమ్మగారి సమస్య సగం తీరుతుంది. రెండు ఛానెళ్ళుగా కలిపేసిన తరవాత మాటా, మ్యూజిక్కూ, బాంబూ అన్నీ ఒకే ముద్ద. అందులోంచి మాటని మాత్రం పైకి లాగడం కష్టం.

కాబట్టి సెట్టు వెనక్కి టార్చి వేసి చూడండి. చిన్న మూతలాంటిది ఉన్న చదరపు రంధ్రం కనబడితే అది ఆప్టికల్. లేదా హెచ్‌డీఎంఐ పక్కన ఆర్క్ అని రాసి ఉంటే ఇంకా మంచిది. రెండిట్లో ఏది ఉన్నా ఆ కేబుల్ కొని కలిపి, టీవీ సౌండ్ సెట్టింగుల్లో డిజిటల్ అవుట్‌పుట్ పీసీఎం అని ఉంటే ఆటో లేదా బిట్‌స్ట్రీమ్‌కి మార్చండి. ఆప్టికల్‌లో గానీ, మామూలు ఆర్క్‌లో గానీ పీసీఎం పెడితే మళ్ళీ రెండు ఛానెళ్ళే వస్తాయి. కేబుల్ మార్చినా తేడా లేదనే చాలామంది చేసే పొరపాటు ఇక్కడే. తరవాత ఓటీటీ యాప్‌లో సినిమా పెట్టి ఆడియో లిస్టులో 5.1 ఉందేమో చూసి అదే ఎంచుకోండి. డబ్బింగు సినిమాలకి కొన్నిసార్లు తెలుగు ట్రాకు రెండు ఛానెళ్ళదే ఉంటుంది. అలాంటప్పుడు మీ సెట్‌ని తిట్టుకుని లాభం లేదు.

నేను బెంగళూరు వచ్చి ఇరవై రెండేళ్ళు. ఉద్యోగం వేరు, ఈ పిచ్చి వేరు. అయిదు అద్దె ఇళ్ళు మారాను, మారినప్పుడల్లా అదే సెట్టు కొత్త హాల్లో కొత్తగా మోగింది. ఒక ఇంట్లో అద్భుతం అనిపించిన స్పీకర్లు ఇంకో ఇంట్లో రేకు డబ్బాల్లా వినిపించాయి. అందుకే ఎవరైనా ఏం కొనాలి అంటే ముందు హాలు గురించి అడుగుతాను.

మీ హాల్లో నిలబడి ఒక్కసారి గట్టిగా చప్పట్లు కొట్టండి. చప్పుడు వెనకే టింగ్‌మని ప్రతిధ్వని తోక కనక వినబడితే మాటలు పాడవుతున్నది అక్కడే. కింద విట్రిఫైడ్ టైల్స్, ఒక పక్క బాల్కనీ అద్దం తలుపు, మిగతా మూడు పక్కలా ఖాళీ గోడలు. ఇక్కడి ఫ్లాట్లన్నీ ఇంతే. స్పీకర్‌నుంచి నేరుగా వచ్చే మాట మీద నేలనుంచీ అద్దం నుంచీ తిరిగొచ్చే మాట పడి, పలుకు మొద్దుబారుతుంది. సోఫాకీ టీవీకీ మధ్య నేలమీద ఒక మందపాటి తివాచీ పరవండి. ఏలూరు ఉన్ని తివాచీ దొరికితే అంతకంటే ఏం కావాలి. అద్దం తలుపుకి బరువైన కర్టెను వేయండి. సోఫా వెనక గోడకి పుస్తకాల రాక్ పెట్టండి. వీటితో బేస్ ఏమీ మారదు, దానికి తివాచీలు చాలవు. మాటల స్పష్టత మాత్రం మొదటిరోజే తెలుస్తుంది.

ఇంకొకటి, సెంటర్ స్పీకర్, అదే మాటలొచ్చే మధ్యది. టీవీ యూనిట్ అరలో లోపలికంటా తోసి పెట్టి ఉంటారు, పందెం కాస్తాను. అరలో పెడితే మాట బావిలోంచి వచ్చినట్టుంటుంది. దాన్ని అర అంచు దాకా ముందుకి లాగండి. మీ చెవికంటే కింద ఉంటే ముందు అంచు కింద చిన్న రబ్బరు ముక్క పెట్టి ముఖం పైకి, సోఫామీద కూర్చున్నవాళ్ళ చెవి వైపు తిప్పండి. తరవాత సెట్టు రిమోట్‌లో సెంటర్ లెవెల్ రెండు మూడు డెసిబెల్స్ పెంచండి. నైట్ మోడ్ లాంటిది ఉంటే అదీ వేసి చూడండి. పెద్ద శబ్దాలని కాస్త అణిచి, చిన్నవాటిని లేపుతుంది. ఫ్యాను అయిదులో పెట్టుకుని మాటలు వినబడట్లేదు అనేవాళ్ళని కూడా చూశాను. బెంగళూరులో సాయంత్రం పూట ఆ అవసరం చాలా నెలలు ఉండదు కూడా.

ఈ పనులన్నీ అయ్యాక, ఒక నెల అలాగే విని, ఇంకా చాలదనిపిస్తేనే డబ్బు సంగతి.

ఇప్పుడు ఎందుకు కలుపుకోలేరో చెప్తాను. డీవీడీతో వచ్చే సెట్లలో ఆంప్లిఫయరు అదే డబ్బాలో ఉంటుంది. దాని వెనక ఉన్న జాకులు ఉన్న స్పీకర్లకి సరిపడా మాత్రమే. ఆరో, ఏడో స్పీకర్‌కి తావు లేదు. సబ్‌వూఫర్‌కి సొంత ఆంప్లిఫయరు ఉండదు, డబ్బానే దాన్నీ నడుపుతుంది. కొత్తగా కొనే సబ్‌కి కరెంటు ప్లగ్గు, వెనక ఒక ఆర్‌సీఏ రంధ్రం (మీ ఎరుపు తెలుపు పిన్నులు పట్టే రకం) ఉంటాయి. దానికి సిగ్నల్ పంపే రంధ్రం మీ సెట్‌కి ఉండదు. పోనీ కొత్తగా రిసీవర్ (స్పీకర్లన్నిటినీ నడిపే విడి ఆంప్లిఫయరు డబ్బా) కొని మీ పాత స్పీకర్లే దానికి తగిలిద్దామంటే, అవి చాలావరకు 3 ఓములో 4 ఓములో నిరోధం ఉన్నవి. వాటి వెనక చీటీ మీద రాసి ఉంటుంది, చూడండి. మామూలు రిసీవర్లు 6 ఓములు, ఆపైన ఉన్నవాటికని రాసుకుంటాయి. 3 ఓముల స్పీకర్ తగిలిస్తే కరెంటు ఎక్కువ లాగి రిసీవర్ వేడెక్కి ఆగిపోతుంది, లేదా పోతుంది. ఒకవేళ 6 అని ఉంటే అదృష్టం, వెనక సరౌండ్లుగా కొన్నాళ్ళు వాడుకోవచ్చు.

1000 వాట్ల సెట్టు తీసేసి 80 వాట్ల రిసీవర్ కొనమంటారేంటి అని మా బావమరిది నన్ను నిలదీశాడు ఒకసారి. ఆ 1000 అన్ని ఛానెళ్ళదీ కలిపి, శబ్దం చెదిరిపోయే దాకా లాగి కొలిచిన లెక్క. రిసీవర్ మీద 80 అంటే ఒక్కో ఛానెల్‌కి, 8 ఓముల దగ్గర, అతి తక్కువ వక్రీకరణతో కొలిచినది. రెంటికీ పోలికే లేదు. అసలు వాట్ల మోజు అనవసరం. సాధారణ బుక్‌షెల్ఫ్ (అర మీద పట్టేంత చిన్న) స్పీకర్ సెన్సిటివిటీ 88 డెసిబెల్స్ అనుకోండి. అంటే ఒక్క వాట్‌తో మీటరు దూరంలో 88 ఇస్తుంది. మీ సోఫా మూడు మీటర్ల దూరంలో ఉంటే, గోడల సాయం లెక్కలోకి తీసుకోకుండానే 78కి పైన అందుతుంది. ఒక్క వాట్‌కే! వాట్లు రెట్టింపు చేస్తే పెరిగేది 3 డెసిబెల్సే. చెవికి రెట్టింపు అనిపించాలంటే సుమారు పది రెట్లు కావాలి. 80 వాట్ల రిసీవరా, 100 వాట్ల రిసీవరా అని తల బద్దలు కొట్టుకోవద్దు.

ఇక అట్మాస్. 2012లో థియేటర్లలోకి, 2014లో ఇళ్ళలోకి వచ్చింది. నాకు ఇష్టమే, మా ఇంట్లో ఉంది. కానీ మీకు ఇప్పుడు వద్దంటాను. అద్దె ఇల్లు, స్లాబుకి డ్రిల్లు వేస్తే ఓనరు అడ్వాన్సులో కోసుకుంటాడు. మిగిలేది పైకి తిరిగి ఉండే స్పీకర్లు. అవి శబ్దాన్ని సీలింగ్‌కి కొట్టి కిందికి దించుతాయి, దానికి చదునైన, నున్నటి సీలింగ్ కావాలి. మీరు పెట్టిన ఫొటోలో హాలు మధ్యలో బీము, చుట్టూ లైట్ల కోసం మెట్లుమెట్లుగా దించిన పీఓపీ ఉన్నాయి. అక్కడ తగిలిన శబ్దం ఎటు పోతుందో దేవుడికెరుక. అయిదు స్పీకర్లు, రెండు సబ్‌లు పట్టే 5.2 రిసీవర్లలో చాలావాటికి అట్మాస్ ఉండదు, ఏడు స్పీకర్లు పట్టే 7.2కి పోవాలి, అక్కడే మీ 80 వేలలో పెద్ద ముక్క పోతుంది. తీరా చూస్తే మాటలు వచ్చే సెంటర్‌కి, సబ్‌కి మిగిలేది చిల్లర. అట్మాస్ లేకపోతే ఏదో పోగొట్టుకుంటున్నామనే బెంగ కూడా అక్కర్లేదు. ఓటీటీలో వచ్చే అట్మాస్ ట్రాకు డాల్బీ డిజిటల్ ప్లస్ మీదే ఎక్కి వస్తుంది. 5.1 రిసీవర్ దాన్ని మామూలు 5.1గా తీసుకుంటుంది, పైన వినబడాల్సినవి ఆ అయిదింట్లోనే కలిసి వినబడతాయి. సొంత ఇల్లు కట్టుకున్నప్పుడు, పీఓపీ చేసేముందే వైర్లు లాగించుకుని సీలింగ్‌లో పెట్టించుకోండి.

నేనైతే 80 వేలని ఇలా పెడతాను. మూడో వంతు 5.2 రిసీవర్‌కి, మూడో వంతు ముందు మూడు స్పీకర్లకి, మిగిలిన మూడో వంతు సబ్‌కి. సరౌండ్లు బోనస్ వచ్చినప్పుడు. ముందు మూడూ ఒకే కంపెనీ, ఒకే సిరీస్ అయ్యుండాలి, లేకపోతే కారు ఎడమనుంచి కుడికి వెళ్తుంటే మధ్యలో గొంతు మారినట్టుంటుంది. నేలమీద నిలబడే పొడుగు టవర్ స్పీకర్లు వద్దు. మీ హాలుకి బుక్‌షెల్ఫ్‌లు స్టాండ్ల మీద చాలు, బేస్ పని సబ్ చూసుకుంటుంది. సెంటర్ కొనేటప్పుడు మాత్రం షాపులో సినిమా ఫైటు పెట్టనివ్వకండి. ఫైటు ఎందులోనైనా బాగుంటుంది. తెలుగు న్యూస్ ఛానెల్ పెట్టమనండి, ఎదురుగా ఒకసారి, సోఫా చివర కూర్చుని ఒకసారి వినండి. అడ్డంగా పడుకున్న సెంటర్లలో రెండు వూఫర్ల (లావు శబ్దాలవి) మధ్య ట్వీటర్ (సన్నటి శబ్దాలది) ఉన్నవాటికి పక్కకి జరిగితే గొంతు పలచబడే గుణం ఉంటుంది. ఆ చివర కూర్చునేది మీ అమ్మగారే అయితే చిక్కే.

సెకండ్ హ్యాండ్ చూస్తారేమో, మంచి ఆలోచనే. అమెరికా నుంచి తిరిగొచ్చినవాళ్ళు అమ్మేవి ఇక్కడ చాలా దొరుకుతాయి. వెనక వోల్టేజీ చూడకుండా ప్లగ్గు పెట్టకండి. అక్కడివి 120 వోల్టులు, మనది 230. మా స్నేహితుడు ఒకడు వైట్‌ఫీల్డ్‌లో గృహప్రవేశం రోజున, అందరూ భోజనాలకి కూర్చున్నాక, అక్కడినుంచి తెచ్చిన సబ్‌ని గోడ ప్లగ్గులో పెట్టాడు. టప్‌మని ఒక్క చప్పుడు, కాలిన వాసన. ఆ సబ్ ఇచ్చిన మొదటి బేసూ చివరి బేసూ అదే. స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి వాడుకోవచ్చు, కానీ దాని ఖర్చు, బరువు లెక్కలో వేసుకోండి.

సబ్ గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, కింది ఇంటివాళ్ళ గొడవ కూడా దీంతోనే ముడిపడి ఉంది కాబట్టి. 16 అడుగుల పొడవున్న గదిలో 35 హెర్ట్జ్ దగ్గర, 11 అడుగుల వెడల్పుకి 51 హెర్ట్జ్ దగ్గర బేస్ గోడల మధ్య ఇరుక్కుని ఊగుతుంది. గోడకి ఆనుకున్నచోట అది ఉబ్బిపోతుంది, సరిగ్గా మధ్యలో మాయమవుతుంది. మీ సోఫా వెనక గోడకి అతుక్కుని ఉంది. మీకు గోడలు అదిరినట్టు అనిపించడానికి అదొక కారణం. కనీసం రెండడుగులు ముందుకి జరపండి. మరీ గది నడిమధ్యకి తేకండి.

సబ్ ఎక్కడ పెట్టాలో తెలుసుకోవడానికి పాత పద్ధతి ఒకటుంది. సబ్‌ని ఎత్తి సోఫా మీద, మీరు కూర్చునే చోట పెట్టండి. మృదంగమో, బేస్ గిటారో నిదానంగా నడిచే పాట ఒకటి పెట్టి, మీరు నేలమీద గోడల వారగా పాకుతూ వినండి. ఎక్కడ ప్రతి దెబ్బా విడివిడిగా, సమానంగా వినబడుతుందో అక్కడే సబ్ పెట్టాలి. నేను మొదటిసారి ఇలా పాకుతుంటే మా ఆవిడ వంటింట్లోంచి వచ్చి, కాసేపు చూసి, "ఏమండీ, ఏం పోయింది?" అని తనూ వంగి వెతకడం మొదలుపెట్టింది. చెవి కమ్మ దొరికింది కూడా, ఆరు నెలల కిందట పోయినది.

మీ విషయంలో ఆ పాకుడుకి ముందు ఒకచోటు ప్రయత్నించమంటాను. సోఫా పక్కనే, మీ చేతికి అందేంత దగ్గర. సబ్ దగ్గరగా ఉంటే మీకు అదే బేస్ అందడానికి లెవెల్ చాలా తగ్గించుకోవచ్చు. లెవెల్ తగ్గితే కిందికి పోయేదీ తగ్గుతుంది. సబ్ కాళ్ళకింద మందపాటి ఫోమ్ పెట్టండి. స్లాబుకి నేరుగా తగిలే అదురుని అది ఆపుతుంది, గాల్లోంచి పోయే బేస్‌ని ఆపదు, కాబట్టి దానిమీదే భారం వేయకండి. నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా 45 డెసిబెల్స్ అని 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియమాల్లో ఉంది. అది ఎలాగూ మించుతాం. అందుకే నేను పది తరవాత సబ్ స్విచ్చి తీసేస్తాను. ఒకరోజు కిందికి దిగి, మా ఇంట్లో సినిమా నడుస్తుండగా మా కింది ఇంటివాళ్ళ హాల్లో కూర్చుని విన్నాను. మాట ఒక్కటి లేదు, దూరంగా ఎవరో రోలు దంచుతున్నట్టు బేస్ మాత్రం ఉంది. మీ కిందివాళ్ళ స్థానంలో నేనుంటే రెండుసార్లు కాదు, రోజూ బెల్లు కొట్టేవాణ్ణి.

వైర్ల సంగతి. ఎస్పీ రోడ్డులో ఒక కొట్టులో లావుపాటి, ఎర్రగా నిగనిగలాడే స్పీకర్ వైరు తెచ్చాను. చుట్ట అంత లావున్నా చేతిలో బరువే లేదు. ఇంటికొచ్చి బ్లేడుతో పోగు గీకితే లోపల తెల్లగా ఉంది. అల్యూమినియం మీద రాగి పూత. వెనక్కి తీసుకెళ్తే "స్పీకర్ వైరంటే ఇదే సార్" అన్నాడు. అప్పటినుంచీ ఇంటి వైరింగుకి వాడే అసలు రాగి మల్టీస్ట్రాండ్ వైరే వాడుతున్నాను, 1.5 స్క్వేర్ ఎంఎం ముందు స్పీకర్లకి, 2.5 వెనకవాటికి. పది మీటర్లు లాగినా 1.5 వైరు నిరోధం రానూపోనూ కలిపి 0.23 ఓమే. 8 ఓముల స్పీకర్‌కి అది లెక్కలోకి రాదు. ఎరుపు, నలుపు రెండు చుట్టలు తెచ్చి మెలిపెట్టుకుంటే సరి. ఖరీదైన కేబుళ్ళ జోలికి పోకండి.

రిసీవర్ వచ్చాక అన్నీ కలిపి ఆన్ చేయగానే గుంయ్‌మని హమ్ వస్తే కంగారుపడకండి. కేబుల్ టీవీ వైరు సెట్‌టాప్ బాక్సునుంచి పీకి చూడండి. మా మూడో ఇంట్లో రెండు వారాలు రిసీవరే పాడైందని తిప్పలు పడ్డాను. తీరా చూస్తే డాబామీద నుంచి వచ్చే ఆ వైరుకి ఒక ఎర్తు, మా గోడ ప్లగ్గుకి ఇంకో ఎర్తు. పీకగానే నిశ్శబ్దం.

రిసీవర్‌తో వచ్చే మైకుతో ఆటో సెటప్ (స్పీకర్ల దూరం, లెవెల్ అదే కొలుచుకునేది) చేసేటప్పుడు మైకుని సోఫా వీపు మీద పెట్టకండి. కెమెరా ట్రైపాడ్ మీద, చెవి ఎత్తులో ఉంచండి. ఫ్యాను, వీలైతే ఫ్రిజ్ ఆపండి, పిల్లల్ని బయటికి పంపండి. అయ్యాక రిసీవర్ చెప్పిన లెక్కల్లో ఒకటి మార్చాలి. మీ బుక్‌షెల్ఫ్‌లని లార్జ్ అని రాసుకుంటే స్మాల్ చేసి, క్రాసోవర్ 80 హెర్ట్జ్ పెట్టండి. అప్పుడు కింది బేస్ సబ్‌కి పోతుంది, చిన్న స్పీకర్లు మాట మీదే ఉంటాయి. సబ్ దూరం మాత్రం టేపు పెట్టి కొలిచిన దానికంటే ఎక్కువ చూపిస్తే తప్పని దిద్దకండి. సబ్ లోపలి సర్క్యూట్ వల్ల జరిగే ఆలస్యాన్ని అది దూరంగా లెక్కేసుకుంటుంది. రిసీవర్‌ని మూసిన అరలో పెట్టకండి, పైన కనీసం నాలుగంగుళాలు గాలి ఆడాలి.

స్పీకర్లు, రిసీవర్ లాంటివి ఇంకా ఏమీ కొనకండి. ముందు ఆ సెట్టు వెనక భాగం, సరౌండ్ స్పీకర్ల వెనక చీటీ, రెండూ ఫొటోలు తీసి పెట్టండి. ఆప్టికల్ ఉందో లేదో, ఆ సరౌండ్లు పనికొస్తాయో లేదో చెప్తాను. సంక్రాంతికి అమ్మగారు వస్తారన్నారు కదా, కేబుల్‌కీ తివాచీకీ ఈ ఆదివారం చాలు.